గీత గోడ కాదు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



పొద్దున్న ఎనిమిది గంటలకు మన ఇళ్లలో హడావుడి ఎలా ఉంటుందో నేను వేరే చెప్పనక్కరలేదు. ఒక పొయ్యి మీద ఇడ్లీపాత్ర, రెండో పొయ్యి మీద పప్పు. ఒకరికి జడ వెయ్యాలి, ఇంకొకరికి క్యారేజీ సర్దాలి. ఈ గొడవలోనే, సైకిలు బయటికి దింపుతున్న పిల్లకి గుమ్మంలోంచి ఒక కేక వేస్తాం: "జాగ్రత్తే! గీత దాటకు. ఎడం పక్కనే పో!" అని. ఆ మాట అనేస్తే తల్లి బాధ్యత తీరిపోయినట్టు లోపలికి వచ్చేస్తాం.

నేనూ రోజూ ఇదే కేక వేసేదాన్ని. ఆ కేకలో సగం పొరపాటు ఉందని నాకు తెలిసేసరికి మా రెండో అమ్మాయి మోచేతికి కట్టు పడింది. అందుకే ఈవేళ మీతో రోడ్డు మీది గీతల సంగతి ముచ్చటించాలని వచ్చాను. వంటలూ, అల్లికలూ, పసిపిల్లల జబ్బులూ మాట్లాడుకునే ఈ వేళలో రోడ్డు గొడవ ఏమిటమ్మా అని అనుకోకండి. ఆ రోడ్డు మీద వెళ్లేది మన పిల్లలే కదా.

ఆ రోజు జరిగింది

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ట్యూషనుకి వెళ్లే దారిలో ఒక పెద్ద సెంటరు దాటాలి. ఆ రోడ్డు కొత్తగా వేసి, అంచున పొడుగునా తెల్లగీత గీశారు. గీతకీ కాలవకీ మధ్య రెండు మూడు అడుగుల జాగా మిగిలింది. అది సైకిళ్ల కోసం గీసినది కాదు. తారు రోడ్డు ఎక్కడిదాకా ఉందో రాత్రిపూట తెలియడానికి గీసిన అంచు గీత. అయినా, గీత కనపడగానే మనసుకి ఒక నిబ్బరం వస్తుంది. "అదిగో, నీ దారి అది. బళ్ల దారి ఇవతలది. నువ్వు గీత లోపలే వెళ్లు" అని దానికి నేనే చెప్పాను.

ఆ సాయంత్రం సెంటరులో ఎర్రదీపం పడింది. బళ్లన్నీ ఆగాయి. ముందు ఒక లారీ ఆగి ఉంది, చేపల పెట్టెలతో. లారీకీ కాలవకీ మధ్య గీత లోపల జాగా ఖాళీగా కనబడింది. అమ్మ చెప్పినట్టే మా పిల్ల ఆ సందులోంచి ముందుకు వెళ్లి లారీ నడుం దగ్గర ఆగింది. పచ్చదీపం పడింది. పిల్ల తిన్నగా పోవాలి. లారీ ఎడమకి తిరగాలి. లారీ ముందుకు కదిలింది, ముక్కు తిరిగింది, మొదట ఎడం పక్క జాగా ఇంకా పెరిగినట్టే అనిపించిందిట. తరువాత వెనక చక్రాలు లోపలికి రావడం మొదలుపెట్టాయి. "అమ్మా, గోడ నా మీదికి నడిచొచ్చినట్టుందే" అంది తరువాత.

దేవుడి దయవల్ల పిల్ల కాలవ పలకల మీద పడింది. సైకిలు చక్రం కింద పడింది. మోచెయ్యి విరిగింది. సైకిలు ముందు చక్రం అప్పడంలా మడత పడిపోయింది. దాన్ని చాలా రోజులు పెరట్లో గోడకి ఆనించే ఉంచాం. పారేయడానికి నాకు చేతులు రాలేదు.

డ్రైవరు కిందికి దిగి వణికిపోయాడుట. "పిల్ల నాకు కనబడలేదండీ, ఒట్టు" అన్నాడుట. అప్పుడు నాకు కోపం వచ్చింది. అంత పెద్ద అద్దాలు పెట్టుకుని పిల్ల కనబడకపోవడం ఏమిటి అని.

లారీ ఎక్కి చూశాను

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు. ముప్ఫై ఏళ్లకి పైగా లారీ తోలి మానేశారు. ఇప్పుడు కొడుకు తోలుతున్నాడు. బాబాయిగారూ అని పిలుస్తాం. ఆయన్నే అడిగేశాను, అది నిజమేనా అని. ఆయన నవ్వలేదు, వాదించలేదు. "నేను చెబితే ఏం తెలుస్తుందమ్మా, ఎక్కి చూడు" అన్నారు.

చీర కుచ్చెళ్లు దోపుకుని, ఆయన కొడుకు లారీ ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. వీధిలో ఆడవాళ్లందరూ అరుగుల మీదికి వచ్చి చూశారు. మా అమ్మాయిని, కట్టు ఉన్న చేత్తోనే, లారీకి ఎడం పక్కన నిలబడమన్నారు బాబాయిగారు. నేను కూర్చున్నది కుడి పక్కన. ఎడం కిటికీ నాకు చాలా దూరంలో ఉంది, దాని అంచు నా మోకాళ్ల కంటె ఎత్తులో ఉంది. తల తిప్పి చూశాను. చెట్టు కనబడింది, ఎదురింటి మేడ కనబడింది. పిల్ల కనబడలేదు. అద్దంలో చూశాను. లారీ పక్క రేకు, దూరాన రోడ్డు కనబడ్డాయి. పిల్ల కనబడలేదు. "ఉన్నావా?" అని అరిచాను. "ఇక్కడే ఉన్నానే!" అని తలుపు కింద నుంచి జవాబు వచ్చింది.

నా ఒళ్లు జల్లుమంది. కన్నతల్లిని, కావాలని వెతుకుతున్నాను, బండి ఆగి ఉంది, పట్టపగలు. నాకే కనబడనిది, పొద్దుగూకే వేళ, ముందు జనం, వెనక హారన్లు, అటువంటప్పుడు ఆ డ్రైవరుకి ఎలా కనబడుతుంది?

బాబాయిగారు ఇంకో మాట చెప్పారు. వెనకటి రోజుల్లో ప్రతి లారీలోనూ క్లీనరు ఉండేవాడు. ఎడం తలుపు పక్కన కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా తల బయటికి పెట్టి, చేత్తో తలుపు మీద కొడుతూ డ్రైవరుకి చెప్పేవాడు. ఎడం పక్క కన్ను అతనిదే. ఇప్పుడు ఖర్చు తగ్గించుకోవడానికి చాలా బళ్లలో డ్రైవరు ఒక్కడే వెళుతున్నాడు. ఆ ఎడం కన్ను పోయింది.

ముగ్గుపిండితో ఒక పరీక్ష

వెనక చక్రాలు లోపలికి రావడం ఏమిటని మీలో కొందరికి సందేహం రావచ్చు. నేను చదివింది పదో తరగతి వరకే. లెక్కలూ బొమ్మలూ వేసి చెప్పలేను గాని, మీ ఇంట్లోనే చూసుకునే ఉపాయం చెబుతాను.

పసిపిల్లల మూడు చక్రాల సైకిలు ఉంటుంది కదా. చక్రాలు తడిపి, గచ్చు మీద పల్చగా ముగ్గుపిండి చల్లి, దాని మీద ఎడమకి తిప్పుతూ నడిపించండి. తరువాత జాడలు చూడండి. ముందు చక్రం పెద్ద చుట్టు తిరుగుతుంది. ఎడం వెనక చక్రం దానికంటె లోపలగా, మూల కోసుకుంటూ వెళుతుంది. ముందు చక్రం పోయిన జాడలోనే వెనక చక్రం పోదు. ఇది ఏ బండికైనా అంతే. బండి ఎంత పొడుగైతే వెనక చక్రాలు అంత లోపలికి వస్తాయి. లారీకి కొన్ని అడుగులు తేడా వస్తుంది. వెనక తొట్టి తగిలించిన ట్రాక్టరు కూడా మూల కోసుకునే పోతుంది.

అందుకని అనుభవం ఉన్న డ్రైవరు ఎడమకి తిరిగే ముందు, మూల తగలకుండా, బండిని కాస్త కుడికి తీసి అప్పుడు తిప్పుతాడు. ఆ క్షణంలో ఎడం పక్క బోలెడంత జాగా తెరుచుకున్నట్టు కనబడుతుంది. సైకిలు మీది పిల్ల "లారీ కుడికి పోతోంది కాబోలు" అనుకుని అందులోకి దూరుతుంది. ఆ జాగా ఎలక బోను తలుపు లాంటిది. తెరిచి ఉన్నది కదా అని దూరితే, మూసుకునేటప్పుడు మనకు చెప్పి మూసుకోదు.

ఇప్పుడు ఆలోచించండి. రోడ్డుకి ఎడం అంచున గీత గీసి, సైకిలు బొమ్మ వేసి, ఆ గీతను తిన్నగా కూడలి దాకా తెచ్చి వదిలేస్తే ఏమవుతుంది? తిన్నగా పోవలసిన సైకిలును, ఎడమకి తిరగబోయే లారీకి ఎడం పక్కన, డ్రైవరుకి కనబడని చోట, మనమే తెచ్చి నిలబెట్టినట్టు అవుతుంది. మామూలు దారిలో ఆ గీత కొంత మేలు చేస్తే చెయ్యవచ్చు. కూడలి దగ్గరకొచ్చేసరికి అదే చేటు తెస్తుంది.

రంగు చేసే మాయ

ఇది నా ఒక్కదాని అనుభవమే అయితే ఇంత చెప్పేదాన్ని కాదు. లండనులో మన దేశంలో లాగానే బళ్లు ఎడం పక్కన నడుస్తాయి. 2010 నుంచి అక్కడ పెద్ద రోడ్ల అంచున నీలంరంగు పూసి "సైకిల్ సూపర్ హైవే"లు అని పేరు పెట్టారు. చాలా చోట్ల అవి ఉత్త రంగే. గట్టు లేదు, అడ్డు లేదు. 2011 అక్టోబరు, నవంబరు నెలల్లో, మూడు వారాలు తిరగకుండానే, బో అనే ఒక్క కూడలిలో ఇద్దరు సైకిలువాళ్లు లారీల కింద పడి చనిపోయారు. 2013లో అటువంటి మరణాల మీద విచారణ జరిపిన అధికారిణి, ఆ నీలంరంగు సైకిలువాళ్లకు లేని ధైర్యాన్ని కలిగిస్తున్నదని హెచ్చరించారు. ఆ కూడలిలో తరువాత సైకిళ్లకు కొన్ని క్షణాలు ముందుగా వెలిగే వేరే పచ్చదీపం పెట్టారు, గట్టు కట్టి దారి విడదీశారు. 2021 మార్చి నుంచి, డ్రైవరుకి చుట్టుపక్కల సరిగా కనబడని పెద్ద లారీలు అదనపు రక్షణ ఏర్పాట్లు లేకుండా లండనులోకి రాకూడదని నిబంధన అమలుచేస్తున్నారు. ఇదంతా ప్రాణాలు పోయాక నేర్చుకున్న పాఠం.

ఇంకొకటి వినండి. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరంలో సైకిళ్లకు కొలత పరికరాలు అమర్చి, పక్కనుంచి పోయే కార్లు ఎంత దూరంలో పోతున్నాయో పద్దెనిమిది వేల పైచిలుకు సార్లు కొలిచారు. ఆ ఫలితాలు 2019లో వెలువడ్డాయి. గీత ఉన్న చోట కార్లు దూరంగా పోతాయని మనం అనుకుంటాం కదా? గీత ఉన్న చోటే ఇంకా దగ్గరగా పోతున్నాయని తేలింది. కారణం ఆలోచిస్తే వింత లేదు. గీత లేనప్పుడు కారు నడిపే ఆయన సైకిలును చూసి తానే కాస్త పక్కకు జరుగుతాడు. గీత ఉంటే, "నా జాగా ఇది, అతని జాగా అది, ఇంక జరగడం దేనికి" అనుకుంటాడు. చూపు మనిషి మీద నుంచి గీత మీదికి పోతుంది. పొలంగట్టు తగాదాలు చూసిన మనకు ఈ సంగతి వేరే చెప్పాలా?

మన తెలుగునాట కూడా ఈ గీతలు వచ్చాయి. 2020 జూన్‌లో కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ నగరాలలో సైకిలును ప్రోత్సహించడానికి ఒక పోటీ పెట్టింది. 2021లో ఎంపికైన 11 నగరాలలో మన వరంగల్ ఒకటి. హైదరాబాదులోనూ కేబీఆర్ పార్కు వంటి చోట్ల రోడ్డు అంచున సైకిలుదారి గీతలు వెలిశాయి. ఉద్దేశం మంచిదే, నేను కాదనను. పెట్రోలు మిగులుతుంది, ఒంటికి మంచిది, పొగ ఉండదు. కాని రంగు గీతల గతి ఏమిటో మనకు తెలుసు. పొద్దున్న గీస్తే సాయంత్రానికి దాని మీద ఒక ఆటో, దాని వెనక పునుగుల బండి, దాని వెనక స్కూటర్ల వరస. సైకిలు పిల్ల మాటిమాటికీ గీత బయటికి వచ్చి, వెనక చూడకుండా బళ్ల మధ్యకి దూరవలసి వస్తుంది. ఆగి ఉన్న కారు తలుపు చటుక్కున తెరుచుకుంటే అదొక గండం. వానపడితే ఆ రంగు మీద చక్రం జారుతుంది.

అదే హైదరాబాదులో 2023 అక్టోబరు 1న ఔటర్ రింగురోడ్డు వెంబడి 23 కిలోమీటర్ల సైకిలుదారి తెరిచారు. అది ఉత్త గీత కాదు. వేరుగా కట్టిన దారి, పైన సౌరఫలకాల కప్పు. కార్లు నడిచే దారీ, అదీ కలవవు. గీత గీయడానికీ దారి కట్టడానికీ తేడా ఏమిటో ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. కాకపోతే సైకిలు నిజంగా అవసరమైన పిల్లవాడు బడికీ బజారుకీ పోయేది ఊరి మధ్యనుంచి, ఫైర్ స్టేషను సెంటరులాంటి చోట్ల నుంచి కదా. అక్కడే అసలు కష్టం.

మన ఊళ్ల సంగతి

మా పుట్టిల్లు ద్వారకా తిరుమల. మెట్టినిల్లు ఏలూరు. చిన్నప్పుడు చిన్నతిరుపతి కొండ దిగి సైకిళ్ల మీద భీమడోలు దాకా పోయే మగపిల్లలను చూసి, మనకెప్పుడు ఆ భాగ్యం అనుకునేవాళ్లం. ఇప్పుడు ఆడపిల్లలకు ఆ భాగ్యం వచ్చింది. మన రాష్ట్రంలో "బడికొస్తా" పేరుతో ప్రభుత్వమే ఆడపిల్లలకు సైకిళ్లు పంచింది. సైకిలు ఉన్నందువల్ల పై చదువు మానకుండా నిలబడ్డ పిల్లలు మా చుట్టాలలోనే ఉన్నారు. కనుక సైకిలు మానిపించడం దీనికి విరుగుడు కాదు. మా అమ్మాయి కట్టు విప్పిన రోజున మా అత్తగారు "ఇంక సైకిలూ వద్దు, ట్యూషనూ వద్దు" అన్నారు. పిల్ల ఏమీ అనలేదు, లోపలికి వెళ్లి పుస్తకాలు సర్దుకుంటూ కూర్చుంది. ఆ మౌనం చూశాక నాకు ఏం చెయ్యాలో తెలిసింది.

మన ప్రాంతపు రోడ్లు ఎటువంటివో ఒక్కసారి తలుచుకోండి. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి కొల్లేటి చేపల లారీలు వస్తాయి. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టుకి బస్తాల లారీలు వస్తాయి. పెదవేగి వైపు నుంచి పామాయిలు గెలల ట్రాక్టర్లు వస్తాయి. వైశాఖంలోనూ ఆశ్వయుజంలోనూ స్వామివారి రెండు కల్యాణాలకూ జనం బస్సులు దిగి, నడిచి, భీమడోలు నుంచి పదిహేను కిలోమీటర్ల పైచిలుకు కొండకు వస్తారు. ఇంత పెద్ద బళ్లూ, ఇంత చిన్న సైకిళ్లూ కలుసుకునేది ఎక్కడ? కూడళ్లలోనే. ఆ కూడలిలోనే గీత ఆగిపోతుంది. మీరు గమనించి చూడండి. ఏ ఊళ్లోనైనా సరే, తిన్నని రోడ్డు మీద చక్కగా గీసుకుంటూ వచ్చి, సెంటరు రాగానే గీత మాయమవుతుంది. ఏరు దాటేదాకా తెడ్డు వేసి, సుడిగుండం దగ్గర తెడ్డు లాగేసుకున్నట్టు.

ఈ సంగతులు కొత్తగా కనిపెట్టవలసినవి కావు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారు సైకిలుదారులు ఎలా కట్టాలో 1962లోనే పుస్తకం వేశారు, 2015లో దాన్ని సవరించారు. సైకిలుదారి ఉన్న చోట అందులో మోటారుబళ్లు నడపరాదని 1989 నాటి రోడ్డు నియమాలలోనే ఉన్నది. కొరవడినది అడిగేవాళ్లు.

అడిగినవాళ్లు ఏం సాధించారో చెబుతాను. నెదర్లాండ్స్ అనే చిన్న దేశంలో 1971లో రోడ్డు ప్రమాదాలలో సుమారు 3,300 మంది చనిపోయారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. ఇది చూడలేక అక్కడివాళ్లు "పిల్లల హత్య ఆపండి" అనే పేరుతోనే ఉద్యమం మొదలుపెట్టారు. ముందు నడిచినవాళ్లలో చంటిపిల్లల తల్లులు ఉన్నారు. సైకిళ్లేసుకుని రోడ్ల మీద ఊరేగారు, ప్రధానమంత్రి ఇంటికి వెళ్లి అడిగారు. ఆ దేశానికి సైకిళ్ల దేశమని ఇవాళ పేరు ఉన్నదంటే దాని వెనక ఆ తల్లులు కూడా ఉన్నారు.

వాళ్లు కూడళ్లు ఎలా కడతారంటే, మూల మీద చిన్న అరటిపండు ఆకారంలో ఒక గట్టు కడతారు. సైకిలుదారి ఆ గట్టు వెనకనుంచి పోతుంది. ఆ గట్టు వల్ల బళ్లు మూల కోసుకుని వేగంగా తిరగలేవు, మెల్లగా చుట్టి రావాలి. తిరిగేసరికి సైకిలు డ్రైవరుకి పక్కన కాకుండా ఎదురుగా, అద్దంలోంచి కనబడుతుంది. సైకిళ్లు ఆగే గీత బళ్లు ఆగే గీత కంటె చాలా ముందుకు ఉంటుంది. చాలా చోట్ల సైకిళ్లకు వేరే దీపం కూడా ఉంటుంది. వాళ్ల బళ్లు కుడి పక్కన నడుస్తాయి గనుక అద్దంలో బొమ్మలా తిప్పి చూసుకోవాలి, అంతే. సూత్రం ఒక్కటే: కనబడని చోట నిలబెట్టకు, కనబడే చోట నిలబెట్టు.

కనుక మన మునిసిపాలిటీ వారు రేపు రంగు డబ్బాలు పట్టుకుని వస్తే, వద్దనకండి. మూడు ప్రశ్నలు మాత్రం అడగండి. ఈ గీతకి గట్టుగాని, స్తంభాలుగాని పెడతారా? దీని మీద బండ్లు ఆపకుండా చూసేది ఎవరు? కూడలి దగ్గర సైకిలు ఎక్కడ ఆగాలి, ఎటునుంచి దాటాలి? మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే ఆ గీత కూడలికి కాస్త దూరంలోనే ఆపేయమనండి. ఎడమకి ఎప్పుడూ ఆగకుండా పోనిచ్చే ఏర్పాటు ఉన్న సెంటర్లలో, బడి వదిలే వేళకైనా అది ఆపించమని అడగండి. మన వార్డు సభ్యుడి ఇంటికి నలుగురు ఆడవాళ్లు కలిసి వెళితే కాదనడు. ఓట్లు మనకూ ఉన్నాయి.

పిల్లలకు ఏం చెప్పాలి

అవన్నీ అయ్యేదాకా పిల్లలు ఆగరు కదా. రేపు పొద్దున్నే మళ్లీ సైకిలు దింపుతారు. నేను మా అమ్మాయికి నేర్పినవి, బాబాయిగారు నాకు నేర్పినవి, చెబుతాను.

మొదటిది, అన్నిటికంటె ముఖ్యమైనది. కూడలి దగ్గర లారీకి గాని, బస్సుకి గాని, ట్రాక్టరుకి గాని ఎడం పక్కకి ఎప్పుడూ వెళ్లకూడదు. జాగా ఉన్నా సరే, గీత ఉన్నా సరే, సైకిలు బొమ్మ వేసి ఉన్నా సరే. దాని వెనకే, నాలుగు గజాల ఎడంగా ఆగాలి. అది పోయాక పోవాలి. ఒక నిమిషం ఆలస్యమైతే ట్యూషను మాస్టారు ఏమీ అనరు.

రెండోది. బండి అద్దంలో డ్రైవరు మొహం నీకు కనబడకపోతే, నువ్వు ఆయనకు కనబడనట్టే. మొహం కనబడినా ఆయన నిన్ను చూశాడని భరోసా లేదు. బెల్లు కొట్టాను కదా అనుకోకు, ఇంజను హోరులో బెల్లు వినబడదు.

మూడోది. ఇండికేటరు వెలగలేదు గనుక బండి తిన్నగా పోతుందని అనుకోకూడదు. బండి కుడికి జరిగిందంటే ఎడమకి తిరగబోతున్నదేమో అని అనుమానించాలి.

నాలుగోది. కుడికి తిరగాలంటే ఎడం అంచు నుంచి ఒక్కసారిగా రోడ్డు మధ్యకి కొయ్యకూడదు. తిన్నగా అవతలి మూలకి దాటి, అక్కడ దిగి, సైకిలు తిప్పి, ఆ వైపు దీపం పడ్డాక మళ్లీ దాటాలి. పెద్ద సెంటరులో దిగి నడిపించుకుపోతే నామోషీ ఏమీ లేదు. ఈ మాట పిల్లలకు గట్టిగా చెప్పండి. పిల్లలకు స్నేహితుల ముందు నామోషీయే పెద్ద భయం.

అయిదోది. ఆగి ఉన్న కార్లకు తలుపు వెడల్పు ఎడంగా పోవాలి. గీత కార్లను రాసుకుంటూ ఉంటే గీత బయటే మంచిది, వెనక చూసుకుని.

ఇంక మన చేతిలోవి. సంచి హ్యాండిలుకి తగిలించనివ్వకండి. చున్నీ, వోణీ చైనులో పడకుండా ముడి వేయండి. వెనక ఎర్ర బిళ్ల ఉందో లేదో చూడండి, మన్ను పడితే తుడవండి. ఆదివారం పొద్దున్న, బళ్లు తక్కువగా ఉన్నప్పుడు, పిల్లతో పాటు మీరే ఆ సెంటరుకి నడిచి వెళ్లండి. ఏ లారీ ఎటు తిరుగుతున్నదో, వెనక చక్రం ఎక్కడిదాకా వస్తున్నదో పక్కన నిలబడి చూపించండి. ఒక అరగంట చాలు. వీలైతే తెలిసినవాళ్ల లారీ ఎక్కించి, ఎడం పక్కన ఎవరినైనా నిలబెట్టి, "కనబడుతున్నారా?" అని అడగండి. నేను నెల రోజులు చెప్పినా ఎక్కనిది మా పెద్దబ్బాయికి ఆ ఒక్క చూపుతో ఎక్కింది.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలలో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అంత పెద్ద అంకె మన మనసుకి పట్టదు. నాకు మాత్రం ఆ అంకె విన్నప్పుడల్లా పెరట్లో గోడకి ఆనించిన ఆ వంకర చక్రమే గుర్తుకొస్తుంది.

మా అమ్మాయి మళ్లీ సైకిలు తొక్కుతోంది. మొదటి వారం నేనూ వెనకాల రిక్షాలో వెళ్లాను, దానికి తెలియకుండా. సెంటరులో ఒక బస్సు ఆగి ఉంది. ఎడం పక్క జాగా ఖాళీగా ఉంది. వెనకనుంచి ఎవరో కుర్రాడు "పో, పో, ఖాళీయే కదా" అని బెల్లు కొడుతున్నాడు. అది కదలలేదు. బస్సు వెనకే కాలు నేలకి ఆనించి నిలబడింది. బస్సు ఎడమకి తిరిగి వెళ్లిపోయాక, చుట్టూ చూసుకుని, తిన్నగా దాటింది.

ఇప్పుడు గుమ్మంలోంచి నేను వేసే కేక మారింది. "గీత దాటకు" అనడం లేదు. "బండి వెనకే ఆగు" అంటున్నాను. మీరూ రేపటి నుంచి ఆ కేకే వెయ్యండి.